ఎడమ పక్క మనిషి

ఆదివారం సాయంత్రంలోగా అవ్వాల్సిన పనులు:

సోమేశ్వరరావు గారి దగ్గర హాలు తాళాలు తీసుకోవాలి. కుర్చీలు తుడిపించాలి.
ఫ్యాను గరగరమంటోంది. ప్రయోగం అయ్యేంతసేపు ఆపేయాలి, ఉక్కపోస్తే పోయనీ.
కళ్లకు కట్టడానికి నల్లగుడ్డ. అమ్మ పాత లంగా చూడాలి.
చెవిలో పెట్టడానికి దూది, దానికి రాయడానికి వాజలిన్.
పిల్లల చేతికి స్టీలు చెంచాలు.
గూబ ముఖం బొమ్మ, పెద్ద చార్టు మీద. ఎడమ చెవి పైకి, కుడి చెవి కిందికి. మొన్న తిరగేసి గీశాను, మళ్లీ గీయాలి.
తెలుగులో చెప్పాలి. పిల్లల కోసం హిందీలో కూడా.
నాన్నకి చెప్పాలి: డ్యూటీ బట్టల్లో రావద్దు, ముందు వరసలో కూర్చోవాలి.

పనులన్నీ అయ్యాయి. ఏ ఒక్కటీ మరిచిపోలేదు. చీటీ రాసుకుని పని చేయడం నాకు చిన్నప్పటి అలవాటు. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని నేనే. పేరు గీతాంజలి. చాయ్‌బాసాలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, టెల్కో కాలనీలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఉండేది బాగ్‌బేరాలో, రైల్వే క్వార్టర్లో.

మా నాన్న జగ్గారావు టాటానగర్‌లో ట్రాక్‌మేన్. గ్యాంగుతో కలిసి పట్టాల కింద కంకర సరిచేయడం, వదులైన చోట బిగించడం ఆయన పని. అదే గ్యాంగులో అప్పలరాజు చిన్నాన్న. సొంత చిన్నాన్న కాదు. ఇద్దరివీ సోంపేట దగ్గర పక్కపక్క ఊళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మా ఇంట్లో మనిషే.

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆ ఆదివారం దాకా నాకు తెలియదు. మీరు మాత్రం ముందే తెలుసుకోండి. మా నాన్నకి ఎడమ చెవి వినిపించదు. ఒక వానాకాలం ఆ చెవిలో చీము పట్టి కారింది. వెల్లుల్లి కాచిన నూనె పోసుకున్నాడు. చీము ఎండిపోయింది, దాంతోపాటు వినికిడీ పోయింది. ఆస్పత్రికి వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ట్రాక్‌మేన్‌కి చెవులు లేకపోతే లైను మీద ఉంచరు. గ్యాంగు వంగి పని చేస్తుంటే కాపలా మనిషి ఈల వేస్తాడు. ఆ ఈల ఎటు నుంచి వచ్చిందో, బండి ఏ లైను మీద వస్తోందో వెంటనే పోల్చుకుని పక్కకి తప్పుకోవాలి. ఒక్క చెవి మనిషికి ఈల వినిపిస్తుంది గాని ఎటు నుంచో తెలియదు.

చెవి పోయిందని చెబితే ఉద్యోగం పోదు, జీతమూ తగ్గదు. లైను నుంచి తీసి ఆఫీసులో ఏదో పని ఇస్తారు. కానీ అలా వెళ్లినవాళ్లని మావాళ్లు మనిషి కింద లెక్కవేయరు. నాన్న కూడా వేసేవాడు కాదు. అలా వెళ్లిన ఒక పెద్దాయన మా సందులోంచి పోతుంటే "చెవిటి మేళం పోతందిరోయ్" అని గట్టిగా అరిచి, ఆయన తిరిగి చూడకపోతే పగలబడి నవ్వేవాడు. చిన్నప్పుడు నేనూ పక్కన నిలబడి నవ్వాను.

నాన్న తన చెవి సంగతి ఒక్క అప్పలరాజు చిన్నాన్నకే చెప్పాడు. ఆ రోజు నుంచి చిన్నాన్న ఆయనకి ఎడమ పక్కనే పని చేసేవాడు. ఈల వినపడగానే ఒంటి మీద తట్టేవాడు. ఎడమ భుజం మీద తడితే ఎడమ, కుడి భుజమైతే కుడి, మెడ కింద తడితే వెనక. నడిచేటప్పుడు కూడా ఇద్దరూ అదే వరసలో నడిచేవారు. స్నేహితులంటే అలాగే నడుస్తారు కాబోలు అనుకునేదాన్ని.

ఇక గూబల సంగతి. బాగ్‌బేరాలో మన తెలుగువాళ్ల సంఘానికి ఒక హాలు ఉంది. శ్రీమంతాలు, భజనలు, పుట్టినరోజులు అన్నీ అక్కడే. ఆ హాలు వేదిక పైన, వెంటిలేటర్ వెనక ఖాళీలో, తెల్లముఖం గూబల జంట ఒకటి పిల్లల్ని పెట్టింది. గూబ దూరిన ఇంట్లో ఉండకూడదని మావాళ్ల నమ్మకం. హాలు బుక్ చేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఎదురింటి బెంగాలీ టీచరమ్మ మాత్రం సాయంత్రం అటుగా వెళ్తూ వెంటిలేటర్‌కి దణ్ణం పెడుతుంది. వాళ్లకది లక్ష్మీదేవి వాహనం.

"రోడ్డుకి ఇటు పక్క దరిద్రం, అటు పక్క లక్ష్మి. ఏటిదిది?" అన్నారు సంఘం సెక్రటరీ సోమేశ్వరరావు గారు మీటింగులో. "మనిసిని పెట్టి తీయించేద్దాం."

పిల్లలు ఎగిరేదాకా ఆగమని బతిమాలాను. అవి ఎలుకల్ని తినే పక్షులని, ఏ కీడూ చేయవని చెప్పాను.

"నాకు సెప్తే ఏటి లాభం? ఆదివారం జనాన్ని పిలుత్తాను. ఆళ్లకి సెప్పు," అన్నారు.

అలా కుదిరింది ఆ కార్యక్రమం. గూబ ఎలా వింటుందో మాటల్లో చెబితే జనం ఆవలిస్తారు. అందుకని ప్రయోగం చేసి చూపాలనుకున్నాను. మనిషి కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టాలి. చుట్టూ పిల్లలు నిలబడి ఒక్కొక్కరే చెంచాలు టంగుమనిపించాలి. ఆ మనిషి చప్పుడు వచ్చిన వైపు వేలు చూపాలి. రెండు చెవులూ తెరిచి ఉంటే సరిగ్గా చూపుతాడు. ఒకటి మూస్తే తప్పుతాడు. గూబ అయినా అంతే. ఆ కుర్చీలో నాన్నని కూర్చోబెట్టాలని నా ఆశ.

"నానెందుకే? మీ స్కూలు గుంటల్ని కూసోబెట్టు," అన్నాడు నాన్న.

"రైల్వే చెవి ఎంత పదునో జనం చూడాలి నాన్నా. మా స్కూలు పిల్లల చెవులు ఇయర్‌ఫోన్లతో ఎప్పుడో పోయాయి."

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. అమ్మ పేరు సూర్యకాంతం. "మీ నాన్నకి నా మాట తప్పించి లోకంలో అన్నీ ఇనిపిత్తాయి. పాలు పొంగిపోతన్నాయి సూడయ్యా అంటే రాయిలాగ కూసుంటాడు."

"నోర్ముయ్," అన్నాడు నాన్న. "గీతా, నాకు డ్యూటీ ఉంటాది."

"ఆదివారం రెస్టు కదా?"

మర్నాడు అప్పలరాజు చిన్నాన్న వచ్చాడు. టీ తాగుతూ, "గీతమ్మా, అన్న కూసుంటాడులే. గుడ్డ కట్టడం, ఎనకాల నిలబడ్డం, ఆ పని నాకివ్వు. నీకు మైకట్టుకోడానికే సరిపోద్ది కదా," అన్నాడు.

నాకు సంతోషమైంది. మంచి సహాయకుడు దొరికాడనుకున్నాను.

ఆదివారం వెలుగు ఉండగానే హాలు నిండింది. ఆడవాళ్లు ఒక వైపు, పిల్లలు నేల మీద, వెనక వరసలో గ్యాంగువాళ్లు. వాళ్లలో మేటు ధర్మరాజు గారు కూడా ఉన్నారు. మేటంటే గ్యాంగుకి పెద్ద. పై నుంచి గూబ పిల్లల బుస వినిపిస్తుంటే ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కున్నారు.

"గూబకి చెవులెక్కడుంటాయి?" అని అడిగాను.

"సిర్ కే ఊపర్, సీంగ్ జైసా," అన్నారు పిల్లలు.

"ఈ గూబకి కొమ్ముల్లాంటివి లేవు. ఉన్న గూబలకి కూడా అవి ఈకలే, చెవులు కావు. అసలు చెవులు ముఖం పక్కన, ఈకల కింద ఉంటాయి." చార్టు చూపించాను. "ముఖం చూడండి, పళ్లెంలాగా ఉంది. చిన్న చప్పుడైనా ఆ పళ్లెంలో పడి చెవుల్లోకి జారుతుంది. ఎడమ చెవి కొంచెం పైన, కుడి చెవి కొంచెం కింద. అందుకని చప్పుడు ఏ పక్క నుంచి వచ్చిందో మాత్రమే కాదు, పై నుంచా కింద నుంచా అన్నది కూడా తెలుస్తుంది. చిమ్మచీకట్లో గడ్డి కింద ఎలుక కదిలితే చాలు, సరిగ్గా దాని మీదే దిగుతుంది. రెక్కల చప్పుడు కూడా ఉండదు. తన రెక్కలే చప్పుడు చేస్తే ఎలుక చప్పుడు తనకి వినపడదు కదా."

"అంటే ఈ హాల్లో పెళ్లాం మీద సాడీలు సెప్పకూడదన్నమాట," అన్నారు వెనక నుంచి ఎవరో.

"మీ ఆవిడకి గూబ అక్కర్లేదులే, నీ మొహం సూత్తే తెలిసిపోద్ది," అని ఇంకొకరు. జనం నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది.

ముందు ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టాను. రెండు చెవులతో బాగానే చూపాడు. ఒక చెవిలో దూది పెట్టగానే ఎడమ నుంచి మోగితే కుడికి చూపాడు. పిల్లలు ఎగిరి గంతులేశారు. "చూశారా," అన్నాను. తరువాత నాన్నని పిలిచాను.

నాన్న అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పెళ్లికొడుకులాగా తల వంచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నాన్న గుడ్డ కట్టి, కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి వెనక నిలబడ్డాడు.

ఎడమ మూల నుంచి చెంచా మోగింది. నాన్న వేలు ఎడమ మూలకి వెళ్లింది. వెనక నుంచి మోగింది. వేలు భుజం మీదుగా వెనక్కి వెళ్లింది. కుడి నుంచి, మళ్లీ ఎడమ నుంచి. ఒక్కటి తప్పలేదు.

"అదిరా మన గ్యాంగు సెవి!" అన్నారు ధర్మరాజు గారు. చప్పట్లు మోగాయి. అమ్మ పక్కావిడ వైపు గర్వంగా చూసింది. నేను మైకులో, "మా నాన్న," అన్నాను.

ఇప్పుడు ఒక చెవి మూయాలి. దూదికి వాజలిన్ రాసి, నేనే నాన్న కుడి చెవిలో గట్టిగా పెట్టాను. నాన్న మెడ బిగుసుకుంది. గిలిగింత పుట్టిందనుకున్నాను. అది ఆయనకి మిగిలిన ఒకే ఒక చెవి.

ఎడమ నుంచి చెంచా మోగింది. నాన్న ఎడమకి చూపాడు. వెనక నుంచి మోగింది. వెనక్కి చూపాడు.

ఇలా జరగకూడదు. తప్పాలి. తప్పితేనే నా పాఠం. దూది సరిగ్గా లేదేమోనని ఇంకాస్త లోపలికి నొక్కాను. మళ్లీ మోగించమన్నాను. మళ్లీ సరిగ్గా చూపాడు.

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారు. మాట్లాడుకున్నది ఒక్కటే: తప్పు చూపిస్తే పరువు పోతుంది, కాబట్టి ఏదీ తప్పకూడదు. ఈ ఆటలో ఒకచోట తప్పడమే ఒప్పని వాళ్లకి తట్టలేదు. లైను మీద అలాంటి చోటు ఉండదు కదా.

"గీతమ్మా, నీ గూబ కంటే మీ నాన్నే మేలే!" అన్నారు సోమేశ్వరరావు గారు. "సైన్సు ఫెయిలైపోనాదమ్మా."

హాలంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. చదువుకున్నానని వీళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టి, చివరికి నా లెక్క నేనే తప్పాను. చార్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు నేల మీద కూర్చున్న నవ్య, సోమేశ్వరరావు గారి మనవరాలు, లేచి అరిచింది. "దీదీ, చీటింగ్! వో అంకల్ పీఛే సే ఛూ రహే హై! మైనే దేఖా!"

చిన్నాన్న చేతులు నాన్న భుజాల మీద నుంచి చప్పున వెనక్కి వెళ్లిపోయాయి. ఈసారి హాలు ఇంకా గట్టిగా నవ్వింది. పిల్లలు "చీటింగ్, చీటింగ్" అని పాటలాగా అందుకున్నారు. గ్యాంగువాళ్లు ఈలలు వేశారు. "ఓరి అప్పలరాజూ, గూబకి అసిస్టెంటువట్రా?" అన్నారు ఎవరో.

నేను నవ్వలేదు. నా కార్యక్రమాన్ని ఆటపట్టించారని కోపం వచ్చింది. క్లాసులో అల్లరి పిల్లలతో మాట్లాడే గొంతుతో, "చిన్నాన్నా, మీరు ఇటు వచ్చి నిలబడండి," అన్నాను. ఆయన వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. నా వైపు చూసి, వద్దన్నట్టు చాలా కొంచెంగా తల ఊపాడు. చూశాను, పట్టించుకోలేదు.

నాన్న చెవిలోంచి దూది తీశాను. "నాన్నా, ఇప్పుడు రెండు చెవులతో. నిజంగా."

ఎడమ నుంచి మోగింది. నాన్న కుడికి చూపాడు.

వెనక నుంచి మోగింది. కుడికే చూపాడు. జనం నవ్వారు. ఆ నవ్వుని బట్టి తప్పిందని ఆయనకి తెలిసింది. తరువాతి చప్పుడు నిజంగానే కుడి నుంచి వచ్చింది. ఆయన తడబడి ఎడమకి చూపాడు. అప్పుడు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. గంతల కింద నాన్న పెదవులు కూడా నవ్వుతున్నట్టు సాగాయి. వేలు మాత్రం గాలిలో అలాగే ఉండిపోయింది, ఎటు పెట్టాలో తెలియక.

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా నా నోరు ఆగలేదు. బట్టీపట్టిన చివరి వాక్యం దానంతట అదే వచ్చేసింది. మైకులో, హాలంతా వినేలా, ఆయన ముందు నిలబడి అన్నాను: "ఒక చెవి పనిచేయని గూబకి చప్పుడు వినిపిస్తుంది గాని ఎక్కడి నుంచో తెలియదు. అలాంటి గూబ ఎక్కువ కాలం బతకదు."

వెనక వరసలో ధర్మరాజు గారి నవ్వు ఆగిపోయింది. ఆయన లేచి వచ్చారు. నాన్న ఎడమ భుజం దగ్గర నిలబడి, గొంతు బాగా తగ్గించి, "జగ్గా," అన్నారు. నాన్న కదలలేదు. "ఒరే జగ్గా." కదలలేదు. అప్పటికి హాల్లో ఎవరూ నవ్వడం లేదు. గూబ పిల్లల బుస ఒక్కటే వినిపిస్తోంది.

ధర్మరాజు గారే గుడ్డ విప్పారు. ముందుకి వచ్చి ఆయన కళ్లలోకి చూశారు.

"ఎన్నాళ్లనించిరా?"

"అది కాదు మేటూ, జలుబు సేసి..."

"గ్యాంగంతటికీ నాను జవాబుదారీ. నిన్ను పట్టాల మీద పోగు సేసి మీ ఆవిడికి అప్పజెప్పమంటావేటి? రేపు లైను మీదికి రాకు. సీదా ఆఫీసుకెల్లి సెప్పుకో. నువ్వు సెప్పకపోతే నాను సెప్పాల."

తరువాత చిన్నాన్న వైపు తిరిగారు. "నీకు తెలుసు."

చిన్నాన్న అవునన్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. "ఈ మనిసికి ఎడం పక్కనే పడుకుంటాను నాను. పిలిత్తే పలకడు. పొగరనుకున్నాను. ఎన్ని తిట్లు తిట్టేనమ్మా, ఎన్ని తిట్లు తిట్టేను."

నేను తల ఎత్తలేకపోయాను. గూబ చెవుల గురించి పుస్తకాలు చదివిన మనిషిని. నాన్న ఎప్పుడూ గోడకి ఎడమ చెవి ఆనించి కూర్చుంటాడని చూశాను. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడని చూశాను. తలుపు కొడితే పెరటి వైపు వెళ్తాడని చూసి, "బుడ్ఢే హో గయే పాపా" అని, ముసలాడైపోయాడని స్నేహితులకి చెప్పి నవ్వాను. రోజూ నా ముందే ఉన్నది కనిపించలేదు.

నాన్న చేయి కడుక్కుని, తుండు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా ఒకే మాట అన్నాడు. "నలుగుర్లో కూసోబెట్టి పరువు తీసేవు కదే."

మర్నాడు పొద్దున్న డ్యూటీ బట్టలు వేసుకునే ఆఫీసుకి వెళ్లాడు. వెళ్లేసరికి చిన్నాన్న అప్పటికే లైను పనులు చూసే ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి ఉన్నాడట. "నాకు తెలుసు సార్, తెలిసే దాచినాను," అని నాన్న కంటే ముందే చెప్పేశాడట. ఆ ఇన్‌స్పెక్టర్ బీహారాయన, మంచివాడు. ఇద్దర్నీ చాలాసేపు చూసి, "యే దోస్తీ థీ యా దుష్మనీ? కిసీ దిన్ దోనో కట్ జాతే," అన్నాడట. ఇది స్నేహమా పగా, ఏదో ఒక రోజు ఇద్దరూ బండి కింద పోయేవాళ్లు అని. నాన్నే అమ్మకి చెబుతుంటే విన్నాను.

ఆస్పత్రిలో పరీక్షలు చేశారు. ఎడమ చెవి తిరిగి రాదన్నారు. నాన్నని లైను నుంచి తీసి ఆఫీసులో ఫైళ్లు మోసే పని ఇచ్చారు. ఇప్పుడు ఆయన ఇస్త్రీ చొక్కాతో వెళ్లి, దుమ్ము అంటకుండా ఇంటికి వస్తాడు. గ్యాంగువాళ్లు టీ తాగే దుకాణం ముందు నుంచి రాడు, చుట్టూ తిరిగి వస్తాడు. ఎవరైనా "చెవిటి మేళం" అంటారేమోనని భయం. అన్నా ఆయనకి వినపడకపోవచ్చు. అదే ఇంకా పెద్ద భయమని నాకు అనిపిస్తుంది. నాన్న ప్రాణాలతో ఉన్నాడు, ఇక ముందూ ఉంటాడు. ఆ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటాను. అయినా ఆయన వీధి మలుపులో ఎటు నుంచి ఎవరొస్తున్నారోనని తల తిప్పుతుంటే కిటికీ దగ్గర నుంచి తప్పుకుంటాను.

చిన్నాన్న ఆ ఆదివారం తరువాత మా ఇంటికి రాలేదు. సీనీ స్టేషన్ వైపు గ్యాంగుకి బదిలీ అడిగాడని, ఇచ్చారని తెలిసి నేనే వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. నూకమ్మ పిన్ని సామాన్లు మూటలు కడుతోంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుని టీ పెట్టింది. చిన్నాన్న మంచం మీద కూర్చుని చీపురు తాడు బిగిస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు చిన్నాన్నా? నాకైనా చెప్పాల్సింది కదా."

"నీకా? నీకు సెప్తే నువ్వూరుకుంటావేటి? సదువుకున్నదానివి. డాక్టరు కాడికి లాక్కెల్లిపోతావు."

"తీసుకెళ్లాల్సిందే కదా. ఏదైనా అయితే?"

"అవును." తాడు వదిలేశాడు. "సెప్తే సిగ్గుతో సచ్చిపోతాననేవోడు మీ నాన్న. సెప్పకపోతే బండి కింద సచ్చిపోతాడని నాకు బయం. నా సెయ్యట్టుకుని అడిగినాడమ్మా. అడిగినాక ఏటి సేత్తాను? పక్కన నిలబడ్డాను. అంతకన్నా తెలివి నాకు లేదు."

పిన్ని టీ గ్లాసు నా చేతికిస్తూ అంది: "మా అత్త పోతే ఈ మనిసి పెద్దకార్యం దాకా ఉండలేదు గీతా. కొరివి పెట్టిన కొడుకు, డ్యూటీ ఉందని వచ్చేసినాడు. మావోలంతా మొకాన ఉమ్మేసినట్టు మాటాడినారు. అంత పెద్ద డ్యూటీ ఏటిరా, నువ్వు లేకపోతే రైళ్లాగిపోతాయేటి అని. నానూ అన్నాను. ఆ డ్యూటీ ఏటో మొన్న హాల్లో తెలిసినాది నాకు."

చిన్నాన్న, "ఊరుకో," అన్నాడు పిన్నితో.

ఆ రోజులు నాకు గుర్తున్నాయి. తల్లి పోయినా చలనం లేని మనిషని మా అమ్మ అంటే, నిజమే అన్నాను. క్షమించమని అడగాలని వెళ్లినదాన్ని, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"ఆ గూబ పిల్లలు ఎగిరినాయా?" అని ఆయనే అడిగాడు.

"ఎగిరాయి. సోమేశ్వరరావు గారు ఆగారు."

"మంచిది."

బయట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి గుమ్మంలోకి దొర్లింది. చిన్నాన్న లేచి బంతి తీసి ఇచ్చాడు. తీసుకున్న పిల్లాడు పరుగెత్తుతూ, "చీటింగ్ అంకల్ నే దియా!" అని అరిచాడు. మిగతావాళ్లు నవ్వారు. చిన్నాన్న లోపలికి వచ్చి మళ్లీ తాడు పట్టుకున్నాడు.

"రోజూ అలాగే అంటారు," అంది పిన్ని.

వాళ్లు వెళ్లిన రోజు నాన్న స్టేషన్‌కి వెళ్లలేదు. బట్టలు వేసుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, మళ్లీ విప్పేశాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి అన్నట్టు మంచం మీద కూర్చున్నాడు. నేను, అమ్మ వెళ్లి మూటలు ఎక్కించి వచ్చాం. క్షమించమని నేను అడగలేదు, బండి కదిలేటప్పుడు కూడా. ఆయన కిటికీలోంచి, "అన్నకి ఎదురుగుండా నిలబడి మాటాడండి, ఎనకనించి పిలవకండి," అని మాత్రం చెప్పాడు.

బాగ్‌బేరాలో ఇప్పటికీ పిల్లలు ఆయన్ని "చీటింగ్ అంకల్" అనే తలుచుకుంటారు. పెద్దవాళ్లు స్నేహితుణ్ణి చావు దగ్గర ఉంచిన మనిషని అంటారు. అందులో అబద్ధం లేదు, నేను వాదించలేను. కానీ ఆయన్ని ఆ పేరుతో పిలిచేలా చేసింది నా పాఠం. ఆ పేరుని వెనక్కి తీసుకునే పాఠం నాకు రాదు. అందుకే ఇది రాశాను. ఇది చదివిన మీకు ఆయన ముక్కూ మొహం తెలియదు, ఆ ఆదివారం నవ్వినవాళ్లలో మీరు లేరు. మీరైనా ఆయన్ని అసలు పేరుతో గుర్తుపెట్టుకోండి. ఆయన పేరు అప్పలరాజు.